లమారా ఇంటి మేడమీద

పొద్దుగూకాక మా సుఖుమ్‌లో ఆ ఇంటి పేరు ఎవరూ ఎత్తరు.

మా వీధి చివర, కొండవాలు మీద రెండంతస్తుల మేడ. ముందు ఇనుప గేటు, వెనక చెక్కమెట్లు, బాల్కనీ పగుల్లోంచి పుట్టుకొచ్చిన అంజూర చెట్టు. దీపం ఉండదు. మనిషి ఉండడు. కానీ చీకటి పడ్డాక అప్పుడప్పుడు మేడమీద ఎవరో నడుస్తారు... బూట్లు కాదు, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. ఈడ్చుకుంటూ కిటికీ దాకా వస్తాయి — ఆగిపోతాయి.

టాక్సీవాళ్లు అక్కడిదాకా రారు. వీధి మొదట్లోనే దింపేసి, బండి ఎక్కదండీ అంటారు. అదే బండి అంతకంటే నిటారు కొండెక్కి పెళ్లిభోజనానికి పోతుంది.

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. నమ్మేవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. అసలు మాకు దెయ్యమంటే భయమేంటి? జార్జియా నుంచి విడిపోయిన మా అబ్ఖాజులకు జెండా ఉంది, అధ్యక్షుడున్నాడు, తపాలా బిళ్లలున్నాయి. దేశం మాత్రం లేదంటుంది లోకం. లేని దేశంలో ఉన్న మనుషులం. దెయ్యానికీ మాకూ తేడా ఎంతని?

ఊరి పేరు దగ్గరా అదే గొడవ. సుఖుమ్ అన్నవాడు మావాడు, అబ్ఖాజు. సుఖుమి అన్నవాడు జార్జియావాడు. చివరి అక్షరానికి గుడి ఉండాలా వద్దా... ఆ ఒక్క గుడి కోసం ముప్పై ఏళ్ల కిందట కొట్టుకు చచ్చాం. మేం గెలిచామన్నారు. ఇక్కడి జార్జియావాళ్లు కొందరు ఓడలెక్కి పోయారు, కొందరు మంచుకొండల మీదుగా నడిచి పోయారు. పొయ్యిమీది కూర పొయ్యిమీదే ఉండిపోయింది. ఇళ్లూ ఉండిపోయాయి.

ఆ మేడ అలా మిగిలిందే. లమారా అనే ఆవిడది.

యుద్ధం అయిన వెంటనే పతకాలు తగిలించుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, గేటు మీద సుద్దతో తన పేరు రాసి, ఇల్లు నాదన్నాడు. ఆ రోజుల్లో అంతే, సుద్దముక్క ఉన్నవాడిదే ఇల్లు. చలికాలం సగంలో ఒక రాత్రి పెళ్లాం పిల్లల్తో, నెత్తిన పరుపుతో వీధిలో పడ్డాడు. ఎందుకు పోతున్నావయ్యా అంటే చెప్పడు. ఫిరంగులకు ఎదురెళ్లిన మనిషి, చెప్పుల చప్పుడికి వెన్నిచ్చాడు. తర్వాత మరో కుటుంబం వచ్చింది. పోయింది. మరొకరు వచ్చారు. వాళ్లు వంటగిన్నెలు కూడా వదిలేసి పోయారు.

ఆ మీదట ఆ ఇంటి జోలికి ఎవరూ పోలేదు, రవూఫ్ తప్ప.

రవూఫ్ అంటే కోతుల పరిశోధన కేంద్రం గేటు దగ్గర పల్లీలమ్మేవాడు. ఒకరోజు పొద్దున్నే లేచి గైడైపోయాడు. చేతిలో గొడుగు, తలమీద టోపీ, నోట్లో అబద్ధం ఉంటే చాలు, గైడే. సముద్రపొడ్డున వేడి ఇసుకలో కాచే కాఫీకొట్టు దగ్గర మేం నలుగురం కూర్చుని ఉంటే, మమ్మల్నే చూపించి రష్యావాళ్లకు చెబుతుండేవాడు — వీళ్లందరూ నూరేళ్లు దాటినవాళ్లని. నాకప్పుడు యాభై కూడా నిండలేదు.

వాడికి ఈ మేడ దొరికింది. రాత్రిపూట దెయ్యం చూపిస్తానని ఇంటర్నెట్లో ఫోటో పెట్టాడు. ఫోటో కింద ఒక కథ. నినో అనే జార్జియా ఆవిడ ఇల్లు వదలనని పట్టుపట్టి, మేడమీద ఉరేసుకుందట. ఆ ఇంటావిడ పేరు వాడికి తెలియదు. జార్జియా ఆడదంటే వాడికి నినోయే. ఆవిడ ఉరేసుకోలేదనీ, కూతురి చేయి పట్టుకుని కొండలు దాటి పోయిందనీ మా వీధిలో అందరికీ తెలుసు. వాడెవర్నీ అడగలేదు. అడిగితే కథ పాడవుతుంది కదా.

దెయ్యం పని చేసేవాడు బతాల్ — రవూఫ్ బావమరిది. చీకటి పడకముందే వెనక మెట్లెక్కి మేడమీద కూర్చుంటాడు. కింద రవూఫ్ గొంతు తగ్గించగానే పైన నడుస్తాడు. కూలి ఒక సీసా ద్రాక్షసారా.

ఇక ఆ అక్టోబరు రాత్రి ఏం జరిగిందో... సముద్రపొడ్డున రవూఫ్ చెప్పింది ఒకటి, మా సీజా పెద్దమ్మ చెప్పింది ఇంకొకటి. రెండూ కలిపి, రవూఫ్ మాటల్లోంచి రవూఫ్‌ని తీసేసి, మిగిలింది చెబుతున్నాను.

ఆ రోజు వాన. ఊరంతా కరెంటు కోత. రవూఫ్ వెంట నలుగురున్నారు. ఇద్దరు రష్యాలోని ర్యాజాన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. ఒకడు గ్లేబ్, మాస్కో మనిషి, ఎవరూ గుర్తించని దేశాలన్నీ తిరిగి రావడం అతని సరదా. కొందరు సీతాకోకచిలుకల్ని సూదిగుచ్చి దాచుకుంటారే, అలాగ. దారంతా అదే చెబుతున్నాడట, మీరు లేకపోయినా బాగానే ఉన్నారే అని. నాలుగో మనిషి ఒక ఆడమనిషి. చెక్ దేశపు పాస్‌పోర్టు, నలభైకి దగ్గరపడ్డ వయసు, రుమాలు తలకి కట్టుకుని వెనకే నడుస్తోంది. పేరడిగితే నోవాకోవా అంది. ఇంకేం మాట్లాడలేదు.

రవూఫ్‌కి ఆ రాత్రి రెండు పనులు. మొగుడూ పెళ్లాలకు దెయ్యం ఉందని చూపించాలి. గ్లేబ్‌కి లేదని చూపించాలి. ఎందుకంటే గ్లేబ్ ఆ మేడని హోటల్ చేద్దామనుకుంటున్నాడు. పరాయి దేశంవాడు ఇక్కడ ఇల్లు కొనకూడదు కాబట్టి పేరు రవూఫ్‌ది, పెత్తనం గ్లేబ్‌ది. కొత్త ఏడాదికల్లా గోడలు కూలగొట్టాలని మాట అయిపోయింది. ఒకే నోటితో ఒకే రాత్రి దెయ్యం ఉందనీ లేదనీ చెప్పాలంటే తెలివి కావాలి. వాడికి నోరే ఉంది.

గేటు తోసుకుని లోపలికి వెళ్లారు. చేతిలో ఫోన్ల వెలుగు. కింది గదిలో తడిసిన సున్నం వాసన, విరిగిన కుర్చీ, గోడమీద ఎప్పటిదో అద్దం తీసేసిన మరక.

ర్యాజాన్ ఆవిడ మొగుడి చేయి పట్టుకుంది.

రవూఫ్ గొంతు తగ్గించాడు. "ఇదే గదిలో... నినో ఆఖరిసారి టీ తాగింది. తాగి పైకెళ్లింది... మళ్లీ దిగలేదు."

పైన చప్పుడు.

మెత్తగా — ఈడ్చుకుంటూ — ఒక అడుగు... ఇంకో అడుగు...

రవూఫ్ లోపల్లోపల మురిసిపోయాడట. బతాల్‌గాడు ఇవాళ భలే చేస్తున్నాడే అని. గ్లేబ్ చెవిలో గుసగుసగా, కంగారుపడకండి, మా బావమరిదేనన్నాడు. గ్లేబ్ చిన్నగా నవ్వాడు.

అడుగులు గది దాటాయి. కిటికీ వైపు పోతున్నాయి. చెక్క నేల కిర్రుమంటోంది.

"వింటున్నారా," అన్నాడు రవూఫ్, "ఆవిడ తన మెడకున్న తాడు..."

పైన కుర్చీ ఒకటి దబ్బున పడింది. ఆ మాటకి కోపం వచ్చినట్టు.

అప్పుడే రవూఫ్ జేబులో ఫోను మోగింది. తీశాడు. అవతల డప్పులు, పాటలు, గ్లాసుల గలగల... వాటి మీదుగా ఒక గొంతు, గది నిండా వినపడేంత పెద్దగా:

"బావా, ఏమనుకోకు. గుదౌతాలో పెళ్లిలో ఇరుక్కుపోయాను. ఈ రాత్రికి దెయ్యం లేదని చెప్పేయ్."

అందరి తలలూ పైకి లేచాయి.

పైన... అడుగులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి మెట్ల వైపు.

గైడన్నవాడు ఎప్పుడూ అందరికంటే ముందుండాలి. ఉన్నాడు. గేటు దాటింది రవూఫే ముందు. వాడి వెనక గ్లేబ్, ఒక కాలికే బూటుతో. లేని దేశాలన్నీ తిరిగిన మనిషి, ఉన్న గేటు కనపడక గోడ దూకబోయి ముళ్లపొదలో పడ్డాడు. మొగుడూ పెళ్లాలే కాస్త నయం, ఒకరి చేయి ఒకరు వదలకుండా పరిగెత్తారు. వీధి మొదట్లో ఒక చూరు కింద ఆగి చూసుకుంటే ముగ్గురే ఉన్నారు, రవూఫ్‌తో కలిపితే నలుగురు. చెక్ ఆవిడ లేదు.

వెనక్కి వెళ్లి చూద్దామన్నది ర్యాజాన్ ఆవిడ ఒక్కతే. మగాళ్లు ముగ్గురికీ వాన గుర్తొచ్చింది.

లోపల ఆవిడ కదల్లేదు. అడుగులు మెట్ల దాకా వచ్చి, మళ్లీ కిటికీ వైపు పోయి ఆగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఫోను వెలుగు ఆర్పేసింది. చీకట్లో చేయి చాపితే మెట్ల కమ్మీ దొరికింది — వెతుక్కోనక్కర్లేకుండానే. ఎక్కింది. భయం వేసిందట. కానీ భయం కంటే ముందు కోపం ఉంది. ఆ కోపమే ఆమెను చెక్ దేశంలోని బ్ర్నో నుంచి ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

పైగదిలో తలుపు దగ్గర వెలుగు కనపడింది. కదులుతున్న పసుపు వెలుగు. లాంతరు... లాంతరు వెనక ముడతలు పడ్డ ముఖం... తెల్లజుట్టు... నల్లబట్టలు.

చెక్ ఆవిడ అరవబోయి మానేసింది. ఎందుకంటే తనకంటే ముందు ఆ ముసలిది భయపడింది. లాంతరు చేతిలోంచి జారి నేలమీద దొర్లింది. గోడకి ఆనుకుని, నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుని, గుసగుసగా అంది:

"లమారా... ఎప్పుడు పోయావే? నాకెవరూ చెప్పనే లేదు."

ఆ ముసలిది మా సీజా పెద్దమ్మ. పక్కిల్లు ఆవిడదే. ఎదురుగా నిలబడ్డది ఎకా — లమారా కూతురు. ఊరు వదిలినప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు అచ్చం అప్పటి తల్లే.

"అమ్మ బతికే ఉంది, సీజా పిన్నీ," అంది ఎకా. "జార్జియాలో, కుతాయిసిలో. నేను ఎకాని."

పెద్దమ్మ ముందు ఆమె చెంప తాకి చూసింది, వెచ్చగా ఉందో లేదో. వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చింది.

కంచె మీదుగా కేకేసి నన్ను పిలిచింది. వెళ్లేసరికి తన వంటింట్లో ఎకాకి మొక్కజొన్నపిండి ముద్ద మధ్యలో జున్నుముక్కలు గుచ్చి పెడుతోంది. ఎకా తింటోంది, ఏడుస్తోంది, మళ్లీ తింటోంది. ఎవరీవిడని నేనడిగేలోపే పెద్దమ్మ, నోరు మూసుకుని కూర్చోరా నూరీ, మన పిల్లే అంది.

ఎకా తన సంగతి తక్కువ మాటల్లో చెప్పింది. చెక్ దేశంలో పెళ్లి చేసుకుంది, అక్కడే దంతవైద్యురాలు. ఒక రాత్రి ఫోనులో ఏదో చూస్తుంటే తన ఇల్లు కనపడింది. కింద తన తల్లి ఉరేసుకున్న కథ. చదివినవాళ్లు నవ్వుబొమ్మలు పెట్టారు. అమ్మకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది, పట్టుబడితే ఏంటి గతి అంటుంది. వార్సాలో వైద్యుల సభ ఉందని అబద్ధం చెప్పి, జార్జియావాళ్లని మావైపు రానివ్వరు కాబట్టి మొగుడి ఇంటిపేరు వెనక దాక్కుని, రష్యా వైపు నుంచి బస్సులో వచ్చింది. రవూఫ్ ముఖం చూసి నాలుగు మాటలు అడగాలనుకుంది. వాడు అంత తొందరగా వెళ్లిపోతాడనుకోలేదు.

నేను పెద్దమ్మని చూశాను. చీకట్లో, ఆ వయసులో, ఆ మేడమీద నీకేం పని అన్నాను.

ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంటిని కాచింది తనేనంది. ఎవరు వచ్చి దిగినా నాలుగు రాత్రులు వెనక మెట్లెక్కి, తన ఇంటి చెప్పులతో అటూ ఇటూ నడిచేదట.

"అదేమంత పెద్ద విద్యా?" అంది. "పరాయివాళ్ల మంచం మీద పడుకున్నవాడికి పిల్లి నడిచినా దెయ్యమే."

ఈవిడ ఒక్కగానొక్క కొడుకు దవూర్ ఆ యుద్ధంలోనే పోయాడు, మావైపు పోరాడుతూ. ఆ ఫోటో వంటింటి గోడకే ఉంది. దాని కిందే కూర్చున్నాం. వాళ్లవైపు తూటాకే కదా కొడుకు పోయాడు, వాళ్ల ఇంటికి కాపలా ఏంటి పెద్దమ్మా అని అడిగేశాను. అడగకూడనిది. అయినా అడిగాను.

ఆవిడ ఎకా పళ్లెంలో ఇంకో జున్నుముక్క పెట్టింది.

"వాడు పుట్టినప్పుడు నాకు జ్వరం, పాలు పడలేదు. రెండు నెలలు లమారా పాలు తాగాడు, తన పెద్దపిల్లాడితో పాటు. పాలిచ్చిన ఇంటిని అమ్ముకుంటార్రా ఎవరైనా?" అంది. నావైపు తిరిగి, "ఆ తూటా లమారా పేల్చిందా?" అంది.

మా దగ్గర పాలబంధం రక్తబంధం కంటే పెద్దది. అది గుర్తు చేయించుకోవాల్సి వచ్చినందుకు తల దించుకున్నాను.

సరే, బాగానే జరిగింది పెద్దమ్మా, ఇవాళ నీ నడకకి మాస్కోవాడు బూటొదిలేసి పోయాడన్నాను. ఇక ఈ ఇంటి వైపు రాడన్నాను.

పెద్దమ్మ నవ్వలేదు. నా వైపు వింతగా చూసింది.

"నేనెక్కడ నడిచాన్రా?" అంది. "మోకాళ్లు పట్టేసి ఆ మెట్లెక్కి రెండేళ్లయింది. నా వంటింట్లో ఉంటే మేడమీద చప్పుడు వినపడింది. కుర్చీ పడ్డ చప్పుడూ వినపడింది. ఎవడో దొంగవెధవ దూరాడని, లాంతరు పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ ఎక్కి వెళ్లాను. వెళ్లేసరికి ఎవరూ లేరు. ఇదిగో, ఈ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది."

వాన చూరు మీద పడుతోంది. ఎకా తినడం ఆపింది.

ఎలుకలన్నాను. గాలన్నాను. అంజూర కొమ్మ కిటికీకి కొట్టుకుని ఉంటుందన్నాను. నా గొంతు అచ్చం రవూఫ్ గొంతులా నాకే వినపడింది... ఆపేశాను.

ఆ రాత్రి ఎకా పెద్దమ్మ పక్కలోనే పడుకుంది. తెల్లారాక బస్సుకి పంపకుండా నా బండిలోనే సరిహద్దుకి తీసుకెళ్లాను. సామాన్లు కొనడానికి నాకూ అటు రష్యాలోని అడ్లర్‌లో పనుంది. దారిలో గాగ్రా దగ్గర పెట్రోలు పోయించుకుంటుంటే రవూఫ్ పంపిన వార్త ఫోనుకి వచ్చింది. అప్పుడే కొత్త కథ కట్టేశాడు. చెక్ ఆవిడే అసలు దెయ్యమట, పాదాలు నేలకి ఆనలేదట, తను ఒక్కడే ధైర్యంగా ఆఖరిదాకా నిలబడ్డాడట. ఎకాకి చదివి వినిపించాను. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది. గ్లేబ్ మాత్రం తెల్లవారకుండానే హోటలు ఖాళీ చేసి వెళ్లిపోయాడని, ఇల్లు వద్దన్నాడని అదే వార్తలో చివర ఏడుపు.

బండి ఇవతల ఉంచి, సరిహద్దులోని ప్సౌ నది వంతెన నడిచి దాటాం. సుఖుమ్‌లో ఉన్నంతసేపూ ఎకా కుతాయిసికి ఫోను చేయలేదు, ఎవరు వింటారో ఏమోనని. అవతల అడ్లర్‌లో టీకొట్టు ముందు బల్లమీద కూర్చున్నాక చేసింది. నేనూ వింటానని ఫోను మధ్యలో పెట్టింది. వాళ్లింట్లో మాట్లాడే పడమటి జార్జియా మెగ్రెల్ భాష చిన్నప్పుడు ఆ వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నదే, నాకూ అర్థమవుతుంది.

ఎలా ఉన్నావమ్మా అంది ఎకా. వార్సాలో చలిగా ఉందంది. సభ బాగా జరుగుతోందంది.

అవతల ముసలి గొంతు ఆ మాటలేవీ పట్టించుకోలేదు.

"రాత్రి కుర్చీలో కునుకు పట్టింది," అంది లమారా. "మన ఇంటికి పోయాను. రోజూ పోతూనే ఉంటాను, నీకు చెప్పనులే. రాత్రి కింద ఎవడో రష్యన్లో నా మెడకి తాడంటూ ఏదో వాగుతున్నాడు. ఒళ్లు మండి కుర్చీ పడేశాను."

ఎకా టీ గ్లాసు బల్లమీద పెట్టేసింది. నేను ఫోను వైపు వంగాను.

"అమ్మా..." అంది.

"నువ్వు తడిసిన జుట్టుతో మెట్లెక్కి వచ్చావు," అంది లమారా. గొంతులో కోపం లేదు. నొచ్చుకున్నట్టు ఉంది, అంతే. "నేను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను కదే. నావైపు చూడకుండా, తిన్నగా సీజా దగ్గరికి పోయావేం?"